అనుమానం రాసిన స్టిక్కర్

శుక్రవారం పొద్దున కండ్లకోయలో కాలేజీ బస్సు దిగుతుంటే రికార్డుల చాచా కూతురు ఫోన్ చేసింది. "మేడమ్, మా అబ్బా పోయిండు" అంది. ఆ రోజు పిల్లలకు ఏం పాఠం చెప్పానో నాకే తెలియదు.

మేడ్చల్‌లో చాచాది చిన్న దుకాణం. పాత గ్రామఫోన్ రికార్డులు అమ్మేవారు. కొనేది ఎవరైనా సరే, ముందు రెండు వైపులా వినాల్సిందే, అదీ ఖరీదైన స్పీకర్లలో కాదు, ఓ మామూలు పాత స్పీకర్‌లో. "దుకాణంల తియ్యగ ఇనిపిస్తె ఇంటికి పొయ్యి తిడ్తరు" అనేవారు. గీత ఎక్కడ పడిందో స్టిక్కర్ మీద ధర పక్కనే రాసేవారు.

కొన్నేళ్ల కింద ఆయన చెవులు మందగించాయి. దాచలేదు. వచ్చినవాళ్లందరికీ చెప్పి, శనివారాలు అక్కడే కూర్చునే నన్ను పిలిచారు. "ఇగ నువ్వే ఇనాలె బిడ్డా." నేనా? తాళం వేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషిని.

ఒకసారి తుర్కపల్లి ల్యాబులో పనిచేసే ఒకాయన సీలు విప్పని రికార్డు కోసం వచ్చారు. సీలుంటే ఎనిమిది వేలు, విప్పితే సగం కూడా పలకదు. "విప్పకండి, అట్లనే తీసుకుంటా" అన్నారు. చాచా అప్పటికే బ్లేడుతో కవరు కోసేశారు. "ఇనకుండ కొంటె గది అట్టముక్క సార్, పాట గాదు."

రెండో వైపు చివర నాకు సన్నగా గరగర వినిపించింది. కొనడానికొచ్చినాయనకు వినపడలేదట.

"ఉందా, లేదా? జల్దీ చెప్పు" అన్నారు చాచా.

"ఉన్నట్టే ఉంది... నా అనుమానమేమో చాచా."

"అయితె గదే రాయి."

రాశాను: 'రెండో వైపు చివర గరగర ఉందని అనుమానం.' కింద చాచా మూడు వేలని ధర వేశారు.

"మేడమ్ మీకు మస్తు నష్టం చేసిన్రు" అని చాచాను చూసి నవ్వారు కొన్నాయన.

"కానియ్ సార్. అనుమానమొస్తె దాచదు. గసోంటి చెవి నాకు యాడ దొరకాలె?"

జబ్బనుకున్న నా గుణానికి దొరికిన ఒకే ఒక్క మెచ్చుకోలు అది. ఆ రోజు తల ఎత్తుకుని ఇంటికి నడిచాను.

నిన్న చాచా కూతురు దుకాణం షట్టర్ ఎత్తింది, నేను వెళ్లి కూర్చున్నాను. శామీర్‌పేట నుంచి ఓ పెద్దాయన వచ్చి ఒక రికార్డు తీశారు. ధర అడగలేదు. "మీరు ఇన్నరా అమ్మా?" అన్నారు. ఇంకా లేదన్నాను. "అయితె కూసుంట" అని స్టూలు జరుపుకున్నారు.

సూది దించాను. పాట మొదలయ్యే ముందరి ఆ చిన్న సవ్వడిలో, ఆయన స్పీకర్ వైపు చూడటం లేదు. నా ముఖం వైపే చూస్తున్నారు.