ఆరు వాట్ల పాపం

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదానికి రెండింతలు కలిపి చెప్పే మనిషిని. మా ఎమ్మిగనూరులో కుక్క మొరిగిందని నేనంటే, వినేవాళ్లు దాన్ని పిల్లికి తగ్గించుకుని వింటారు. మీరూ అలాగే తగ్గించుకోండి. ఒక్కచోట మాత్రం పచ్చి అబద్ధం ఉంది. అదెక్కడో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

నలభై తొమ్మిదేళ్ల వయసులో నేను ఆటల కంప్యూటరు కొన్నాను. లోపల తిరిగే ఫ్యాన్లకు రంగురంగుల లైట్లు. ఆన్ చేస్తే మా ఇల్లు ఉరుకుంద తిరునాళ్లలా వెలిగిపోయేది. ఆదోని స్టేషన్లో గూడ్సుబండి ఆగినంత చప్పుడయ్యేది. కరెంటు పోయిందా, ఇన్వర్టరు మీద ముప్పావుగంట నడిచి, సరిగ్గా యుద్ధం మధ్యలో టప్పున ఆరిపోయేది. ఆటలో నా జట్టువాళ్లు, ఊరూ పేరూ తెలియని నలుగురు, నన్ను పిరికివాడంటూ తిట్టేవారు. ఆ తిట్లను నేను తాతముత్తాతల పరువు సమస్యగా తీసుకున్నాను.

నిజానికి ఆ ఇన్వర్టరు నా కోసం కొన్నది కాదు. మా వదిన మగ్గం కోసం. ముందుగదిలో గుంట మగ్గం, దాని పైన వేలాడే ఒక బల్బు. మబ్బు పట్టినా కరెంటు పోయినా ఆమె నేత ఆగకూడదని అన్న పెట్టించాడు.

అయినా ఆ బ్యాటరీని సాగదీయడమే నా తపస్సయింది. తెర వెలుతురు సగానికి దించాను. తెర మీది బొమ్మ సెకనుకు అరవైసార్లు మారేదాన్ని ముప్పైకి కట్టడి చేశాను. రంగుల లైట్లు ఆర్పేశాను. స్పీకర్లు పీకేసి ఇయర్‌ఫోన్లు తగిలించుకున్నాను. ముప్పావుగంట కాస్తా గంటంబావు అయింది. బుద్ధి ఉన్నవాడు అక్కడ ఆగుతాడు. నేను మగ్గం వైపు చూశాను.

శ్రావణంలో ఒక సోమవారం వదిన ఉరుకుంద బస్సెక్కింది, ఈరన్నస్వామి దర్శనానికి. ఆమె వీధి మలుపు తిరగగానే మగ్గం మీది తొమ్మిది వాట్ల బల్బు తీసేసి, అచ్చం అలాగే కనిపించే మూడు వాట్లది బిగించాను. సాయంత్రం ఆమె తెచ్చిన ప్రసాదాన్ని రెండు చేతులా పుచ్చుకుని, కళ్లకద్దుకుని మరీ తిన్నాను.

నాలుగు రోజులు పోయాక వదిన గడపలో నిలబడి పిలిచింది. చేతిలో కండె ఉంది. నూలు చుట్టి, పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే పుల్ల అది.

"ఏమప్పా, ఈడికి రా. ఇది ఏం రంగో సెప్పు."

"నలుపు వదినా."

"నలుపే కదా? నేరేడు రంగనుకోని మూరెడు నేసినాను. కండె మారిపోయింది."

ఆ మూరెడునూ ఒక్కొక్క పోగే వెనక్కి తీసింది. మధ్యాహ్నమంతా పట్టింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా ప్రతి పోగు చప్పుడూ నాకు వినిపించింది. పోగు తీస్తే చప్పుడు రాదని నాకూ తెలుసు.

వారం తిరక్కుండా మళ్లీ అదే తప్పు.

"మారింది కండె కాదప్పా, నా కండ్లు," అని నవ్వింది. అన్న ఆమెను ఆదోనికి కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. కళ్లకేమీ లేదన్నాడు డాక్టరు. ఆమె నమ్మలేదు.

"ఆడ అన్నీ పెద్ద లైట్లు, అందుకే కనపడినాయి. మగ్గంలో కూసుంటేనే మసక. ఈ సీర అయినాక మగ్గం ఎవరికన్నా ఇచ్చేస్తా. రంగు తెలీనిదానికి మగ్గమెందుకప్పా?"

పెళ్లయి వచ్చిన మర్నాటి నుంచి ఆ గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి అంటున్న మాట అది. నేను విని, అన్నం తిని, ఆట ఆడుకున్నాను.

మరునాడు బ్యాటరీలో నీళ్లు పోయడానికి మెకానిక్ వచ్చాడు. తొమ్మిది వాట్ల బల్బును మూడు చేస్తే కంప్యూటరుకు ఎంత కలిసొస్తుందని, ఎవరి సంగతో అడిగినట్టు అడిగాను. అతను వేళ్ల మీద లెక్కేసుకుని పకపకా నవ్వాడు.

"ఒకటిన్నర నిమిషమన్నా! బస్సులోంచి చీమను దింపితే డీజిలు మిగుల్తాదా?"

ఒకటిన్నర నిమిషం. దాని కోసం నేనొక మనిషికి తన కళ్ల మీదే అనుమానం పుట్టించాను.

పాత బల్బు చేత్తో పట్టుకుని మగ్గం దగ్గరికి పోయాను. "వదినా, మసక నీ కండ్లలో లేదు, బల్బులో ఉండాది. మార్చింది నేనే," అన్నాను. ఆమె గుంటలోంచి లేచి నాడె విసిరింది. అది నా చెవి పక్కగా దూసుకుపోయి, గడప దాటి, వీధి దాటి, పత్తి లారీకి గుచ్చుకుంది. నేను ఆ లారీ ఎక్కి ఆదోని యార్డు దాకా పారిపోయాను.

అబద్ధం ఇదే. నాడె లేదు, లారీ లేదు, ఒక్క తిట్టయినా లేదు. ఆమె కొట్టి ఉంటే బాగుండునని నేనే కొట్టించుకున్నాను.

జరిగింది ఇంతే. నేను బల్బు బిగిస్తుంటే ఆమె గుంటలోంచి తల ఎత్తి చూస్తూ ఉంది. వెలుతురు పడగానే నలుపు కండె, నేరేడు కండె పక్కపక్కన పట్టుకుని చూసుకుంది.

"అంటే నా కండ్లు బాగుండాయా అప్పా?"

బాగున్నాయన్నాను.

కండెలు అటుదిటు, ఇటుదటు మార్చి పట్టుకుని, మళ్లీ అదే మాట అడిగింది.