జ్వరం పాట కింద నేను రాసిన రెండు వరుసలు

ఆ సినిమా టైటిల్స్‌లో నా పేరు ఉండదు. వెయ్యొద్దని నేనే అడిగాను. పేగులు, గొడ్డళ్లు, తెగిన చేతులు ఉన్న సినిమాకి మాటలు రాసిందని మా చర్చిలో తెలిస్తే బాగుండదని నా భయం. నాన్నగారు ఆ చర్చిలోనే ఏళ్ల తరబడి వాక్యం చెప్పారు. అలా నేను అసలు సిగ్గుపడాల్సిన విషయం ఇంకా రాకముందే, సిగ్గుపడనక్కర్లేని దానికి సిగ్గుపడి కూర్చున్నాను.

నేను అనంతగిరి పక్కన ఒక బడిలో తెలుగు చెబుతాను. పత్రికల్లో నావి నాలుగైదు కథలు అచ్చయ్యాయి. వాటిలో ఒకటి చదివి, విశాఖపట్నం నుంచి ఒక దర్శకుడు ఫోన్ చేశాడు. అప్పటిదాకా రెండు షార్ట్ ఫిల్ములు తీశాడట. ఇప్పుడు పెద్ద సినిమా తీస్తున్నాడు. పెద్దదంటే నిడివిలో పెద్దదని, చేతిలో ఉన్నది ఒక కెమెరా, తొమ్మిదిమంది మనుషులు, ఒక పాత వ్యాను మాత్రమేనని వచ్చాక తెలిసింది.

కథ ఇది. ఐదుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు పొగమంచులో దారి తప్పి కొండమీది ఊరికి వస్తారు. ఆ ఊళ్లో ఒక ముసలావిడ వాళ్లను ఒక్కొక్కరినే దేవతకి బలి ఇస్తుంది. నేను విని, "ఇక్కడెవరూ మనుషుల్ని బలివ్వరండీ. ఈటెలు పట్టుకుని, ఈకలు పెట్టుకుని కూడా ఎవరూ తిరగరు" అన్నాను.

"సినిమా కదా, రైటర్ గారూ" అన్నాడతను.

నన్ను రైటర్ గారూ అని అంతకుముందు ఎవరూ పిలవలేదు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ముసలావిడ వేషానికి మనిషి కావాలన్నాడు. నాకు వెంటనే గుర్తొచ్చిన మనిషి మా బడికి పైనున్న పల్లెలో ఉంటుంది. రోడ్డు పడి అంబులెన్సు రావడం మొదలయ్యేదాకా ఆ చుట్టుపక్కల పిల్లలు చాలామంది ఆమె చేతుల్లోనే పుట్టారు. అందరికీ అవ్వే, నాకూ అవ్వే. నేను ఆ ఊరికి కొత్తగా వచ్చిన ఏడు, వానలకి ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడి జీపులు ఆగిపోయిన రోజుల్లో, మా అమ్మాయికి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. అవ్వ పిలవకుండానే దిగి వచ్చింది. పిల్ల అరికాళ్లకి నూనె రాస్తూ, వాళ్ల కువి భాషలో ఒక పాట సన్నగా పాడుతూ పొద్దంతా కూర్చుంది. దాని అర్థం ఏమిటని అడిగితే చెప్పింది. జ్వరాన్ని చుట్టంలా పలకరించే పాట అది. వచ్చావు, కూర్చున్నావు, తిన్నావు, ఇంక ఈ చిన్నదాన్ని వదిలి మీ ఊరు వెళ్లు అని సాగనంపడం. మర్నాటికి జ్వరం తగ్గింది. మాత్రలు కూడా వేశాం కాబట్టి పాట వల్లే తగ్గిందని నేను అనను. కానీ ఆ రోజు మా ఇంట్లో భయపడని మనిషి ఆమె ఒక్కతే.

ఆమెను నేను సినిమాకి తీసుకెళ్లాను. "బొమ్మలో ఏటి సెయ్యాలి?" అని అడిగితే, కూర్చుంటే చాలన్నాను.

షూటింగు ఒక పాడుబడ్డ కాఫీ గోదాములో. లైట్లకి డబ్బులు లేక అంతా పగలే తీశారు. నెత్తురు కోసం మైదా, పంచదార పాకం, ఎర్రరంగు కలిపి బకెట్లో పెట్టుకునేవారు, ఈగలు ముసిరేవి. పేగులు మాత్రం నిజమైనవే, సంతలో మేకలు కోసేచోట తెచ్చారు. పళ్లెంలో వాటిని పోసి అవ్వ ముందు పెట్టారు. దర్శకుడు ఏవో అర్థంలేని శబ్దాలు కాగితం మీద రాసి, మంత్రంలా పలకమన్నాడు. ఆమెకి చదువు లేదు. నేను పక్కన నిలబడి అందిస్తుంటే, రెండు ముక్కలు అని నవ్వేసేది. ఆమె నవ్వితే మిగతావాళ్లూ నవ్వేవారు. అలా సగం పూట పోయింది. మంచు విడిపోతోందని దర్శకుడు తల పట్టుకున్నాడు.

అప్పుడు నాకు తోచింది. ఎవరూ అడగలేదు. నేనే ఆమె దగ్గర చతికిలబడి, "అవ్వా, జ్వరం పాట పాడు" అన్నాను.

"ఎవులికొచ్చింది జొరం?"

"ఎవరికీ రాలేదు. ఊరికే."

"అది ఊరికే పాడకూడదమ్మా."

"నా కోసం పాడు" అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, కళ్లు దించుకుని పాడింది. రేకులు ఊడిన చోటునుంచి మంచు లోపలికి దిగుతోంది. చెయ్యి అలవాటుగా ముందుకి వెళ్లి, పిల్లల కాళ్లు నిమిరినట్టు ఆ పేగుల్ని నిమిరింది. ఎవరూ కదలలేదు. దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు.

రెండు నెలల తర్వాత అతను ఫోన్ చేసి, ఆ పాట కింద తెలుగులో అర్థం వెయ్యాలి, పంపమన్నాడు. అసలు అర్థం చెప్పాను. "ఇందులో భయం ఏముందండీ? మీరే ఏదైనా రాసెయ్యండి" అన్నాడు. టీ చల్లారేలోపు రాసేశాను. "లేత నెత్తురు నా దాహానికి. లేత పేగులు నా దేవతకి." రెండు వరుసలూ తూగు కుదిరాయని మళ్లీ మళ్లీ చదువుకున్నాను కూడా.

సినిమా హాళ్లకి రాలేదు, నేరుగా ఫోన్లలోకి వచ్చింది. నేను ఇంట్లో తలుపేసుకుని చూశాను. చెత్తగా ఉంది. నెత్తురు రోజ్ మిల్క్ రంగులో ఉంది. తెగిపడిన చేతికి వాచీ కుడివైపు, అంతకుముందు అదే మనిషికి ఎడమవైపు. ఒకమ్మాయి చెప్పులతో పరిగెత్తడం మొదలుపెట్టి బూట్లతో పడిపోతుంది. ఐదుగురిలో ఎవరు ఎందుకు చచ్చిపోయినా మనకి పట్టదు, ఎందుకంటే వాళ్లు అరవడం తప్ప మాట్లాడరు. ఆ మాటలు రాసింది నేనే. ఈటెలు పట్టుకున్న ఇద్దరు మనుషులు ప్రతి పది నిమిషాలకీ ఎందుకో తెరకి అడ్డంగా నడుస్తారు.

కానీ కొంత బాగుంది. లైట్లు లేకపోవడమే మేలయింది. చీకట్లో కాకుండా తెల్లటి పగట్లో, తెల్లటి మంచులో, ఎటు చూసినా ఏమీ లేనిచోట పుట్టే భయం అందులో ఉంది. సంగీతానికి డబ్బులు లేక కాఫీ పండ్ల తొక్క తీసే మిషను చప్పుడు వాడుకున్నారు, అది ఒళ్లు జలదరించేలా ఉంది. అన్నిటికంటే బాగున్నది అవ్వ పాడిన ఆ ఒక్క నిమిషం. చుట్టూ అంతా నటన, ఆమె ఒక్కతే నిజం. అది నా ఆలోచన అని, పేరు లేకపోయినా నాకు తెలుసు కదా అని గర్వపడ్డాను.

కొన్నాళ్లకి మా పదో తరగతి పిల్లలు ఆ ముక్క కత్తిరించి ఒకరికొకరు పంపుకున్నారు. ఆ తర్వాత ఒక శుక్రవారం సంతలో అవ్వ కనిపించింది. విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు ముందు పెట్టుకుని ఒక్కతే కూర్చుంది. ఆమెకి అటూ ఇటూ నలుగురు కూర్చునేంత చోటు ఖాళీ. చంకలో బిడ్డ ఉన్న ఒకావిడ ఆమెను చూసి, కొంగు బిడ్డ ముఖం మీదికి లాక్కుని చుట్టు తిరిగి వెళ్లింది. తిరుగు జీపులో ఆమెను ఎక్కించుకోవద్దని లోపల కూర్చున్నవాళ్లు డ్రైవరుతో అంటుంటే నేను విన్నాను. ఆ గుంపులో ఒక గొంతు "సిల్లంగి" అంది.

చిల్లంగి అంటే మంత్రంతో మనుషుల ప్రాణం తీస్తుందని నమ్మే చేతబడి. ఈ కొండల్లో ఆ మాట ఒక్కసారి మీద పడ్డవాళ్లు ఊళ్లు వదిలి పోయిన సంగతులు నేను విన్నాను. అంతకంటే ఘోరమైనవీ విన్నాను. ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లింది. నేను అదే జీపు ఎక్కాను.

తర్వాత వారం పక్క ఊళ్లో ఒక పసివాడికి ఫిట్స్ వస్తే, నలుగురు మగాళ్లు వచ్చి అవ్వ గురించి వాకబు చేశారట. ఆమె కొడుకు భయపడి ఆమెను చేను దగ్గర పాకలో ఉంచాడు. అక్కడినుంచే ఒక మధ్యాహ్నం బడికి వచ్చింది. పిల్లలు భోజనాల దగ్గర ఉన్నారు.

"టీచరమ్మా, ఆ బొమ్మలో నాను ఏటి సేసేను? ఓసారి సూపించు."

ఆమె దాన్ని చూడనేలేదు. ఖాళీ తరగతిలో బెంచీ మీద కూర్చోబెట్టి ఫోన్లో పెట్టాను. నెత్తురు చూసి పెదవి విరిచింది. "ఇది నెత్తురేటి? నెత్తురు పడ్డ కాసేపటికే నల్లబడిపోద్ది. ఇదేటి, ఇలగే ఎర్రగా ఉండిపోనాది" అంది. ఎన్నో పురుళ్లు పోసిన మనిషి. ఈటెల వాళ్లని చూసి "ఈలెవులు, ఏ ఊరోలు?" అని నిజంగానే అడిగింది. తర్వాత తన గొంతు వినిపించింది. ముఖంలో నవ్వు పోయింది. పాట అయ్యేదాకా చూసి, తెర కింది భాగం మీద వేలు పెట్టింది.

"ఇక్కడేటో రాసున్నాదంట. పాట మావోలకి తెలుసు, అది జొరం పాటే. ఆలు కూడా ఇప్పుడు, పైకి అలగున్నా లోన ఇంకో అర్థం ఉందేమో, సదువుకున్నోలు ఉత్తినే రాత్తారేటి అంటన్నారు. ఎవులు రాసేరమ్మా ఇది?"

"ఆ సినిమావాళ్లు" అన్నాను.

ఆమె తల ఊపింది. "ఆలకేటి తెలుసు" అని లేచింది. నన్ను నమ్మింది.

ఆ సాయంత్రమే దర్శకుడికి ఫోన్ చేసి, ఆ వరుసలు తీసెయ్యమన్నాను. సినిమా వేరేవాళ్లకి అమ్మేశామని, తన చేతిలో ఏమీ లేదని చెప్పాడు. "అయినా ఆ నిమిషమే కదండీ సినిమాని నిలబెట్టింది" అన్నాడు. అదే మాట నేనూ అనుకున్నదాన్నే కాబట్టి అతన్ని తిట్టలేకపోయాను.

మా ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు నాకు స్నేహితురాలు. ఆమెకి మాత్రం అంతా చెప్పాను. "ఫోన్లు చేసి ఏం లాభం? మీరే పైకెళ్లి వాళ్ల ముందు చెప్పండి. బేగి ఎళ్లండి, ఆ బాబుకి మళ్లీ ఫిట్స్ రాకముందే" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి నుంచి అటే ఎక్కాను. సంచిలో మైదా, పంచదార, ఎర్రరంగు ఉన్నాయి. నర్సు కూడా వచ్చింది. పక్క ఊరి పెద్దల్ని కూడా ఆమే పిలిపించింది. అవ్వను ఆ పూటకి కొడుకు చేను నుంచి ఇంటికి తీసుకొచ్చాడు. పల్లె మధ్య జాగాలో అందరూ చేరాక పొయ్యి పెట్టించి, వాళ్ల కళ్లముందే సినిమా నెత్తురు కలిపాను. పిల్లలు వేలు ముంచి నాకి తియ్యగా ఉందన్నారు. జనం నవ్వారు. పేగులు సంతలో మేకవని చెబితే ఇంకా నవ్వారు. ఇక్కడితో అయిపోయిందని ఒక్క క్షణం ఆశపడ్డాను.

అప్పుడు పక్క ఊరి పెద్దాయన అన్నాడు. "నెత్తురు పంచదార పాకమే, సరే. మరి కింద రాసిందో?"

"అది నేను రాశాను" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అవ్వ కొడుకు అడిగాడు, "పాట అర్థం తెలీక రాసేసేరా, టీచరమ్మా?"

అతను నాకు తప్పించుకునే దారి చూపిస్తున్నాడు. నేను తెలియక రాశానంటే అందరం తేలిగ్గా ఇళ్లకి పోవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అవ్వ గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తోంది.

"తెలిసే రాశాను. పాట పాడమన్నదీ నేనే. మొన్న బడిలో అవ్వ అడిగితే అబద్ధం చెప్పాను."

అవ్వ గుమ్మంలోంచి లేచి నా దగ్గరికి వచ్చింది. తర్వాత అందరికీ వినిపించేలా కాదు, నాకే వినిపించేలా అంది. "నీ గుంటకి జొరమొచ్చి పాడిన దినమే అర్థం సెప్పేను కదమ్మా." అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ పెద్దాయన తన ఊళ్లో చెబుతానన్నాడు, చెప్పాడు కూడా. పసివాడిని నర్సు అరకు ఆసుపత్రికి పంపింది, కుదుటపడ్డాడు. అవ్వ చేను పాక వదిలి ఇంటికి వచ్చేసింది. కొన్నాళ్లుగా జీపులో చోటిస్తున్నారు. దూరపు ఊళ్లవాళ్లు ఇప్పటికీ ఇవ్వరు, ఆ ముక్క ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. పిల్లలకి జ్వరం వస్తే పల్లెలో కొందరు ఆమె దగ్గరికి తెస్తున్నారట. నూనె రాస్తుంది, పాడమంటే గొంతు పోయిందంటుంది. నాతో మాట్లాడుతుంది, వానల గురించి, అడ్డాకుల గురించి. మా ఇంటికి మాత్రం రాదు.

పాస్టరు గారి దగ్గర కూడా ఒప్పుకున్నాను. ప్రార్థన చేసి, దేవుడు క్షమించాడమ్మా అన్నారు. క్షమించి ఉండొచ్చు. నేను చెడగొట్టింది దేవుడి పాట కాదు.

పోయిన నెల దర్శకుడు మళ్లీ ఫోన్ చేశాడు. రెండో భాగం తీస్తున్నాడట, మాటలు రాయమన్నాడు. రాయనని చెప్పాను. అది వెంటనే చెప్పానని రాసుకుంటే బాగుండేది. కానీ ముందు కథేమిటని అడిగాను, చివరిదాకా విన్నాను, రెండుచోట్ల బాగుందని కూడా అన్నాను, ఆ తర్వాతే రాయనన్నాను.