బొమ్మ పడని ఫొటో

వనపర్తి హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి దగ్గర, వాళ్ల మేనమామ వాడి వదిలేసిన పాత ఇన్‌స్టంట్ కెమెరా ఉండేది. నొక్కగానే ముందు నుంచి తెల్లటి అట్ట బయటికొచ్చేది. దాని మీద బొమ్మ నెమ్మదిగా తేలేది. ఫోన్ల నిండా ఫొటోలున్నా ఆ అట్ట కోసం అందరం ఆమె చుట్టూ తిరిగేవాళ్లం. ఫిల్ము పాతది కావడంతో చివరి అట్ట మీద ఏ బొమ్మా పడలేదు. కెమెరా ఖాళీ అయిపోయింది.

మర్నాడే మా వంట పెద్దమ్మ తన తల్లిని వెంటబెట్టుకొచ్చింది. దవాఖానలో చూపించడానికి వీపనగండ్ల నుంచి తెచ్చిందట. ముసలామెకు ఊపిరి అందడం లేదు. మెట్టు మీద కూర్చోబెట్టి వీపు నిమురుతోంది.

"బిడ్డా, మా అవ్వకు ఒక్క ఫొటో గూడ లేదు. జర నీ డబ్బాతోని ఇద్దర్ని కలిపి తియ్యవా? ఫోన్ల వద్దు. గోడకు పెట్టుకునేది గావాలె."

"తీస్త గని నవ్వాలె పెద్దమ్మా. నీ చారు నువ్వే తాగినట్టు మొఖం పెట్టొద్దు," అంది నా గది అమ్మాయి.

పెద్దమ్మ నవ్వింది. కెమెరా లైటు వెలిగింది. అరచేతిలో దాచుకున్న ఆ పాడైన అట్టను కెమెరాలోంచి వచ్చినట్టే తీసి ఇచ్చింది ఆ అమ్మాయి.

"ఏందిది, తెల్లగనే ఉంది?"

"పాత మొఖాలు గద, టైం పడ్తది. రైకల పెట్టుకో. ఎచ్చగుంటే వస్తది."

తలుపు వెనక అమ్మాయిలు నోటికి చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. నా చేతిలో ఫోనుంది. ఒక్క ఫొటో తీసి, బజార్లో అచ్చు వేయించి ఇవ్వొచ్చు. అందరూ నా వైపు చూస్తారని కదల్లేదు. సాయంత్రం డైరీలో ఒకటిన్నర పేజీ రాశాను. బాగా రాశాననుకున్నాను కూడా.

తర్వాత రోజూ వడ్డించేటప్పుడు "వచ్చిందా పెద్దమ్మా?" అని అడిగేవాళ్లు. "ఇంక రాలే," అనేది. ఒకరోజు ఆమె పనికి రాలేదు. తల్లి పోయిందని తెలిసింది. దినాలు దగ్గర పడ్డాక వచ్చి, ఎవరినీ పలకరించకుండా నేరుగా నా మంచం దగ్గరికి వచ్చింది.

"నువ్వు పుస్తకాలు సదువుతవు. గీళ్లు నవ్వుతుండ్రు. జర చూడు బిడ్డా, ఏమన్న కనిపిస్తుందా? దినాలకు పెట్టనీకి ఫొటో లేకపాయె."

అట్ట చెమటకు వంకర తిరిగి పసుపెక్కింది. కిటికీ వెలుగులో పట్టుకున్నాను. అది ఉత్త అట్టేనని చెబితే, ఆ రోజే నాకూ తెలుసని కూడా చెప్పాలి.

"వస్తుంది పెద్దమ్మా. ముక్కు జర కనిపిస్తుంది."

"నాదా, మా అవ్వదా?"

"అవ్వదే."

మధ్యాహ్నం నా కంచంలో మాత్రం కూర ఎక్కువ వేసింది. తిన్నాను.