విజిల్ వచ్చే దాకా

పోయిన శుక్రవారం తెల్లవారుజామున తిరువళ్ళూరులో మా వదిన పోయింది. నాకు ఆ కబురు తెచ్చింది బస్సు కండక్టరు. నేనిప్పుడు ఉండే తిరుత్తణిలో మా వీధి మొదట్లో బస్సు ఆపించి, పరుగున వచ్చి తలుపు కొట్టాడు. "అక్కా, మన విజిల్ డాక్టరమ్మ పోయిందంట" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ పేరు వినగానే నాకు మాత్రం ముందు నవ్వొచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది. ఆ పేరు ఎట్లా వచ్చిందో చెబితే మీరు నన్ను తప్పు పట్టరు.

మాది తిరువళ్ళూరు బజారులో బియ్యం, పప్పుల అంగడి. వదిన మద్రాసులో పంటి వైద్యం చదివి మా ఇంటికి పెద్దకోడలుగా వచ్చింది. అంగడి పక్కన ఖాళీగా ఉన్న గదిని క్లినిక్కుకు ఇస్తూ నాన్న ఒక మాట అన్నాడు. "దీపావళి దాకా చూస్తాం. జనం రాకపోతే మళ్ళా బియ్యం మూటలు వేసుకుంటాం."

జనం వచ్చారు, కానీ కూర్చోలేదు. ఆ రోజుల్లో చాలాచోట్ల ఒక నోట్లోంచి తీసిన పట్టకారును మందునీళ్ళలో ముంచి ఇంకో నోట్లో పెట్టేవాళ్ళు. పని చకచకా అయిపోయేది. వదిన ఒప్పుకోలేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ప్రెషర్ కుక్కర్లో పట్టకార్లు, సూదులు, గాజు సిరంజిలు అన్నీ ఉడికితేగానీ మనిషిని ముట్టేది కాదు. బెంచీ మీద వాళ్ళకు విసుగు పుట్టేది.

"పన్ను పీకేదానికి ఇంతసేపా? లోపల బిరియానీ చేస్తా ఉందా ఏం?" అని లేచిపోయేవాళ్ళు.

నేను అప్పుడే రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ ముగించి ఉద్యోగం కోసం చూస్తున్నాను. "పాపా, సైన్సు చదివినావు కదా, ఈ గది పెత్తనం నీదే" అంది వదిన. ఆమె పెట్టిన పద్ధతి ఒక్కటే. వాడిన ట్రే పెరటి తలుపు గుండా తోమే రాయి దగ్గరికి పోవాలి, ఉడికినది వీధి తలుపు వైపునుంచి రావాలి. రెండూ ఎదురుపడకూడదు. "అనుమానం వస్తే మళ్ళా ఉడికించు" అనేది. చిన్నప్పటి నుంచి ప్రతిదానికీ అనుమానించి తిట్లు తిన్నదాన్ని నేను. తలుపుకు గడి వేశానో లేదో మూడుసార్లు వెళ్ళి చూసే రకం. నా అనుమానం ఎవరికైనా పనికొచ్చిన మొదటి చోటు ఆ గది. పొద్దున లేవగానే అక్కడికి పరుగెత్తేదాన్ని.

అయినా ఒకరోజు అడిగేశాను. "వదినా, ఇదంతా చేయకపోయినా వాళ్ళకు ఏమీ కాకపోవచ్చు కదా?"

"కాకపోవచ్చు" అంది సూదిని దీపానికి ఎత్తి చూస్తూ. "ఏమీ కాకుండా చూసేదే మన పని. అది ఎవరి కంటికీ కనపడదు."

దీపావళి దగ్గర పడింది. అంతకుముందే ఆయుధ పూజ వచ్చింది. వదిన తలంటుకుని వచ్చేలోపు అమ్మ తక్కెడ, తూకం గుండ్లు అన్నింటితోపాటు క్లినిక్కు సామానంతా పీటమీద పేర్చి, ప్రతి పట్టకారుకూ గంధం పూసి కుంకుమ పెట్టేసింది. బొరుగులు, అరటిపండ్లు, గుమ్మడికాయ సిద్ధంగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే పాండూరు నుంచి ఒక రైతును భార్య నడిపించుకుని వచ్చింది. దవడ కింద వాపు, ఒళ్ళు కాలిపోతోంది, నోరు తెరుచుకోవడం లేదు.

"పూజలో పెట్టినవి రేపటి దాకా ముట్టకూడదు. మద్రాసు రైలెక్కించు" అన్నాడు నాన్న.

వదిన అతని మెడ తాకి చూసింది. "ఆగదు మామా. వాపు గొంతులోకి దిగితే ఊపిరాడదు. రైల్లో ఎవురు చూస్తారు?"

అంగడి గుమాస్తా ఒక పట్టకారు తీసి తన కండువాతో తుడవబోయాడు. "ఇదో, బొట్టు తుడిచేస్తాను డాక్టరమ్మా, అయిపోయె."

"బొట్టు పోతుంది, పురుగు పోదు. కింద పెట్టు."

"పూజ సామాన్లను ఉడకబెట్టేదా?" అంది అమ్మ చెంపలేసుకుంటూ. తుడిచి వాడితే అతనికేమవుతుందో, వాడకపోతే ఏమవుతుందో నాకు తెలియదు. ఈ గది మాత్రం ఈ పూటతో పోయిందనుకున్నాను.

వదిన వంటింట్లోకి పరుగెత్తింది. వంట సామాను కదా అని అమ్మ అక్కడే వదిలేసిన కుక్కరు తెచ్చి పీటమీద తక్కెడ పక్కన పెట్టింది.

"అత్తా, అంగట్లో తక్కెడకు పెట్టినారు, గుండ్లకు పెట్టినారు. నా ఆయుధం ఇది. దీనికి మాత్రం పెట్టలేదే?"

అమ్మ కుక్కరును చూసింది. రైతు భార్యను చూసింది. కుంకుమలో వేలు ముంచి మూతమీద ఇంత బొట్టు పెట్టింది. "హారతి ఇంకా ఇయ్యలేదు కదా. పూజ నడస్తానే ఉంది. ఈమె పని కూడా పూజలోనే కానీ" అంది నాన్న వైపు తిరిగి. నాన్న పీట పక్కన చోటు చేశాడు.

స్టవ్ పక్కనే పెట్టారు. అంగడంతా దాని చుట్టూ నిలబడింది. కర్పూరం చేతిలో పట్టుకుని అమ్మ, దవడ పట్టుకుని రైతు. విజిల్ వచ్చింది! అలవాటు కొద్దీ అమ్మ స్టవ్ ఆర్పబోయింది.

"అత్తా! అన్నం కాదు, ఇంకా ఉడకాల!"

అందరూ నవ్వారు. ఆ నొప్పిలో రైతు కూడా నవ్వబోయి "అయ్యో" అన్నాడు. కాసేపటికి వదిన చీము తీసేసింది. అతను గుక్కెడు నీళ్ళు మింగాడు. అప్పుడు హారతి ఇచ్చాం.

తర్వాతి వారం "విజిల్ డాక్టరమ్మ యాడ?" అంటూ పాండూరు వాళ్ళు వచ్చారు, వాళ్ళ మాట విని పూండి వాళ్ళూ వచ్చారు. బెంచీ మీద ఓపిగ్గా కూర్చుని, విజిల్ రాగానే లేచేవాళ్ళు. పూండి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కుర్చీ ఎక్కనంది. "నా చెవికి విజిల్ వినపడలేదు. మళ్ళా పెట్టు" అని పట్టుబట్టింది. అన్నీ ఉడికే ఉన్నాయి. అయినా వదిన మళ్ళా పెట్టింది. పెరట్లోకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పింది. "విజిల్ అడిగేవాళ్ళు వచ్చినారు పాపా! ఇంక మనం లేకపోయినా పర్వాలేదు!" దీపావళికి నాన్న ఆ గదిని మాకే వదిలి, మూటలను ఇంటి వసారాలో వేయించాడు. మేము కందిపప్పు మూటల పక్కన పడుకున్నాం.

ఆ తర్వాత వదిన వారానికోసారి తిరుత్తణికి కూడా వచ్చి ఒక అద్దె గదిలో పండ్లు చూసేది. కుక్కరును వైరు బుట్టలో పెట్టుకుని బస్సెక్కేది. "డాక్టరమ్మా, ఈ పొద్దు ఏం కొళంబు?" అని, ఏ పులుసు కాచావన్నట్టు అడిగేవాడు ఈ కండక్టరే. "పండ్ల కొళంబు నాయనా, నీకూ పోస్తాను, నోరు తెరు" అనేది. ఆ వాపు దానంతటదే తగ్గేదేమో, కండువాతో తుడిచినా ఏమీ అయ్యేది కాదేమో అని నాకు ఇప్పటికీ అనుమానమే. చెబితే వదిన మాత్రం "అనుమానం వస్తే?" అని కనుబొమలెగరేసేది.

ఆమె దగ్గర పని నేర్చుకున్న చిన్న డాక్టరమ్మ సోమవారం నుంచి గది తెరుస్తానంది. నిన్న తిరువళ్ళూరు ఇంటికి మమ్మల్ని పలకరించడానికి చాలామంది వచ్చారు. వరండాలో బెంచీల మీద కూర్చున్నారు. లోపల ఎవరో పిల్లలకు అన్నం పెట్టడానికి కుక్కరు ఎక్కించినట్టున్నారు, విజిల్ వచ్చింది. తల నెరిసిన పాండూరు రైతు కండువా భుజాన వేసుకుని టక్కున లేచి, క్లినిక్కు గది వైపు రెండడుగులు వేశాడు.

"యాడికి?" అంది భార్య మెల్లగా.

మూసిన తలుపు ముందు ఆయన ఆగిపోయాడు. దవడ మీద చెయ్యి వేసుకుని అట్లాగే నిలబడ్డాడు. ఆయన వెనక బెంచీ మీద ఇంకో ఇద్దరు కూడా సగం లేచి ఉన్నారు.