పదహారు పేజీల్లో పట్టని పోలరాన్

మా ఆయన సంవత్సరీకానికి పంచే పుస్తకం ప్రూఫు చూడటానికి బాపట్ల నుంచి తెనాలి ప్రెస్సుకు వెళ్ళాను. అది మూడోసారి. ఆయన ఫిజిక్సు లెక్చరరు. చివరగా రాసింది పోలరాన్ మీద ఒక తెలుగు వ్యాసం. ఆఖరి పేజీ ఆస్పత్రి మంచం మీద రాశారు. దాన్ని సాఫు రాసి ఇచ్చింది నేనే. అది సరిగ్గా అచ్చయితే చాలనుకున్నాను.

చూస్తే ఆ పేజీయే లేదు.

"మిగతాది ఏదండీ?"

"పుస్తకం పదహారు పేజీల ఒకే ఫారం కదమ్మా, అంతకు మించి పట్టదు. మీ బావగారు రేపల్లె నుంచి పద్యాలు పంపారు. ఒక పేజీ ఎక్కువైంది, తీసేశాం," అన్నాడు ప్రెస్సు యజమాని. "ఎలక్ట్రాన్ గుంటలో ఇరుక్కుందన్న చోట ఆపాం. సందర్భానికి భలే కుదిరింది."

ఏం కుదరడం! కొన్ని ఆక్సైడ్లలో ఎలక్ట్రాన్ ఉన్నచోట ధన అయాన్లు దానివైపు, రుణ అయాన్లు దూరంగా కాస్త జరుగుతాయి. అలా తన చుట్టూ తానే చేసుకున్న గుంటను వెంటబెట్టుకుని బరువుగా కదిలే ఎలక్ట్రానే పోలరాన్. గుంట లోతైతే కదల్లేదు. విద్యుత్తు పారదు. తీసేసిన పేజీలో ఉన్నది ఆ తర్వాతి సంగతి. ఎలక్ట్రాన్లు బాగా పెరిగితే గుంటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇక ఏ గుంటా ఏ ఎలక్ట్రాన్‌నూ పట్టి ఉంచలేదు. విద్యుత్తును ఆపిన ఆ పదార్థమే లోహంలా ప్రవర్తిస్తుంది. ఆయన వ్యాసం మొదలుపెట్టిందే ఇది చెప్పడానికి.

ఇదంతా ప్రెస్సు యజమానికి చెప్పాను, ఓపిగ్గానే.

"భోజనాల దగ్గర పంచే పుస్తకంలో ఇదెవరు చదువుతారమ్మా? పద్యాలు తీస్తే పెద్దాయన ఊరుకుంటారా?"

"ఊరుకోరు. ఫొటో పేజీ తీసేయండి."

"ఏంటమ్మా, పోయినాయన ఫొటో లేకుండానా? ఇన్నేళ్ళలో అట్టాంటిది వెయ్యలేదు!"

"ఈసారి వెయ్యండి."

కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. పేజీ మళ్ళీ పెట్టేదాకా అతని వెనకే నిలబడి, ప్రతి వాక్యం చదివి సంతకం చేశాను.

సంవత్సరీకం నాడు రేపల్లెలో బావగారు పుస్తకాన్ని ముందుకీ వెనక్కీ తిప్పారు.

"మా తమ్ముడేడమ్మా ఇందులో?"

"తొమ్మిదో పేజీ నుంచి చదవండి బావగారూ."

ఆయన తన పద్యాలున్న పేజీ తెరిచి పక్కాయన చేతికిచ్చారు.