మన్ను తినే పిల్లకు వాత పెట్టనియ్యలే

మా మనుమరాలు రాజవ్వకు నాలుగేండ్లప్పటి మాట. ఒకనాడు గోడకు ఎర్రమన్ను అలికి, చేతులు కడుక్కొని వచ్చేసరికి అది తడిగోడ గోకి నాకుతున్నది. పిల్లచేష్టలే అనుకున్న. నెల తిరిగేసరికి కడుపు ఉబ్బింది, పెదవులు తెల్లబడ్డయి, నాలుగడుగులేస్తే ఆయాసం.

కొట్టిన. నాలుకకు కారం రాసిన. మా మరిది అయితే ఇనుప గరిటె పొయ్యిల పెట్టి, "వదినె, రెండు వాతలు పెట్టు, జన్మల ముట్టది" అన్నడు.

"దగ్గుకుంట దగ్గుకుంట చుట్ట తాగుతున్నవు, నీకెవరు పెట్టిండ్రు వాత?" అని గరిటె గుంజి అవతల పారేసిన.

ఎల్లారెడ్డి నుంచి బండి కట్టుకొని కామారెడ్డి దవాఖానకు పోయినం. స్టూల్ టెస్ట్ చేసి డాక్టర్ సాబ్ అన్నడు: "వార్మ్స్ ఉన్నయి. అనీమియా ముదిరింది. ఇట్లనే తింటే పిల్ల దక్కదు." పురుగులకు మందు, తాగనీకి ఐరన్ మిక్చర్ ఇచ్చిండు. "అలవాటుకు నా దగ్గర మందు లేదమ్మా. ఎప్పుడు తింటది?"

"ఎప్పుడూ తింటది."

"ఎప్పుడూ ఎవ్వరు తినరు. వారం రోజులు కొట్టకుండ చూడు. కొడితే మానదు, నీకు కనపడకుంట తింటది."

నిజమే. అప్పటికే వడ్ల గుమ్మి వెనక దాక్కొని తింటున్నది. ఆ దాచుడు నేర్పింది నా దెబ్బలే.

వారం చూసిన. గోడ అలికిననాడు, పిల్ల తల్లి, మా కోడలు నాట్లకు పోయినంక. ఈ రెండు వేళలే. అలుకుడు బందు పెట్టిన. "పండుగకు గూడ అలకవా, బద్ధకమొచ్చిందా ముసల్దానా?" అన్నరు పక్కింటోళ్లు. "మీ కండ్ల సంబురానికి నా పిల్లను చంపుకోను" అన్న.

కోడలు పోంగనే పిల్లను పక్కకు కూసోబెట్టుకొని, "నోరూరితే నా కొంగు గుంజు" అన్న. గుంజినప్పుడల్ల బెల్లం ముక్క. ఎవ్వరికీ ఊరికె ఇయ్యని చెయ్యి నాది. కొన్నాళ్లకు ఒకపారి బెల్లం, ఒకపారి తల నిమురుడు. అయినా గుంజుడు మానలే.

తొలకరి పడ్డనాడు మళ్ల తిన్నది. "వాసనకు ఆగలేకపోయిన అవ్వా" అని తనే చెప్పింది. "ఇగ చూడు!" అన్నడు మరిది. నేను చెయ్యి లేపలే. మళ్ల దవాఖానకు తీస్కపోతే డాక్టర్ సాబ్ గూడ, "రక్తం పెరిగింది. ఒక్కనాడు తప్పింది, అంతే" అన్నడు.

ఇప్పుడు రాజవ్వకు పన్నెండేండ్లు. మోకాళ్ల దాక బురదల నిలబడి, నాకంటె ముందు నాటు ముగిస్తది.

మీ ఇంట్ల ఇట్లాంటి పిల్ల ఉంటే చెయ్యి లేపేముందు వారం రోజులు చూడండి, ఎప్పుడు తింటదో, ఎక్కడ తింటదో. ఆ వేళకు పోయి పక్కన కూసోండి. మా పిల్ల ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. నమ్మనోళ్లు వచ్చి చూసిపోండి.