మట్టి బిరడా కింది కాగితం

మా సార్ పోయారని ల్యాబ్ అటెండర్ ఫోన్ చేసినప్పుడు నేను తార్నాక చౌరస్తాలో బస్సు దిగుతున్నాను. సార్ ఇల్లు అక్కడికి నాలుగు సందుల అవతలే. అయినా నా కాళ్లు అటు తిరగలేదు. ఎనిమిది కావస్తోంది, కాగితం మార్చాలి కదా అనుకుంటూ యూనివర్సిటీ వైపు నడిచాను. ల్యాబ్‌కు తాళం వేసి ఉంది. ఆ తాళం ముందు ఎంతసేపు నిలబడ్డానో, ఎందుకు నిలబడ్డానో ఇప్పటికీ చెప్పలేను.

కాగితం సంగతి చెప్పాలి. చమురూ గ్యాసూ తీసి తీసి వట్టిపోయిన పాత బావులను మూసే మార్గం వెతకడం సార్ పని. మామూలుగా అయితే పెద్ద యంత్రాలు తెచ్చి, లోపలి గొట్టాలు పీకి, సిమెంటు పోస్తారు. ఆ ఖర్చుకు జడిసి కొన్నిటిని అలాగే వదిలేస్తారు. మిగిలిన గ్యాసు మెల్లగా గాలిలోకీ నీళ్లలోకీ చేరుతుంది. నీళ్లు తగిలితే ఉబ్బే ఒక రకం బంకమట్టిని గోళీలుగా చేసి గొట్టంలో జారవిడిస్తే తక్కువలో పని అయిపోతుందని సార్ నమ్మకం. "సిమెంటు పలిగితే పలిగినట్టే బిడ్డా. మట్టి మల్ల కలుసుకుంటది" అనేవారు.

పరిశోధనకు చేరిన రోజు ఆయన నా మార్కులు అడగలేదు. "మీ చెలకల ఎండిన బోర్లు ఎన్నున్నయి? మూతలు పెట్టిన్రా?" అన్నారు. రెండున్నాయి, ఒకదాని మీద మా నాయన గోనెసంచి కప్పి రాయి పెట్టాడని చెప్పాను. రెండోదాని దగ్గర నసిగాను. "ముందుగాల ఇంటికి పోయి అది మూసి రా. సదువు యాడికి పోదు" అని పంపించేశారు. ఈయనకు నేను కావాలో వద్దో తెలియక బస్సులో దారంతా తల పట్టుకున్నాను.

ల్యాబ్ మూలన నిలువెత్తు ఇనుప గొట్టం ఉంటుంది. నడుమ మట్టి బిరడా, దాని పైన ఒత్తిడితో నీళ్లు, కింద స్టూలు మీద తెల్లకాగితం. నీళ్లు కారితే కాగితం చెప్తుంది. రోజూ ఎనిమిదికి సార్ చెయ్యి తిరగేసి, పిల్లల జ్వరం చూసినట్టు దాన్ని తాకి, కొత్తది పెట్టేవారు. అరచేతికి చెమట ఉంటుందని, దాని మాట నమ్మొద్దని అనేవారు. ఒక చలికాలం పొద్దున నేను తాకి, తడి ఉందని కేకేశాను. సార్ పక్కన ఇంకో పొడి కాగితం పెట్టారు. "రెండూ ముట్టు. సల్లగున్నదంతా తడి గాదు." రెండూ ఒకేలా ఉన్నాయి. అటెండర్ నెల రోజులు నన్ను తడి మేడం అని ఏడిపించాడు.

సార్ పోయిన రోజు, ఆ తాళం దగ్గర్నుంచి చివరికి వాళ్లింటికి వెళ్లాను. సార్ భార్య, మా మేడంగారు, నా చెయ్యి పట్టుకుని, "నిన్న గూడ దాని గురించే మాట్లాడిన్రు. కాగితం ఎట్లున్నదమ్మా?" అని అడిగారు. నేను చూడనే లేదు. "పొడిగనే ఉన్నదమ్మా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆ కాగితం మీద చాలా ఆధారపడి ఉంది. మూడు వారాల్లో చమురు సంస్థ వాళ్లు చూడటానికి రావాలి. మట్టి నిలిచిందంటే గోదావరి తీరంలో ఒక పాత బావిని మాకు ఇస్తామన్నారు. సార్ బతుకంతా ఎదురుచూసింది ఆ ఒక్క బావి కోసం.

పన్నెండో రోజు అటెండర్ ల్యాబ్ తెరిచాడు. "సార్ కూసున్న గది. దినాలయ్యేదాక తియ్యొద్దని నేనే తాళమేసిన" అన్నాడు. తెరవమని నేనైనా అడగలేదు. అన్ని రోజులు కాగితం ఎవరూ మార్చలేదు. దాని మీద అరచెయ్యంత మరక! ఒక్క రోజుదా, అన్ని రోజులదీ కలిసిందా? సార్ ఉంటే చూసి చెప్పేవారేమో, నాకు తెలియలేదు.

సార్ సొరుగు లాగితే ఏడు పాత కాగితాలు దొరికాయి. అన్నిటి మీదా తడి చుట్టూ పెన్సిల్ గీత, పక్కన తేదీ. మొదటిది పళ్లెమంత, చివరిది రూపాయి బిళ్లంత. అంటే బిరడా ఒకప్పుడు కారిందని, పోను పోను తగ్గిందని ఆయనకు తెలుసు. నాకు చెప్పలేదు. దుఃఖం కంటే ముందు కోపమే వచ్చింది.

"ఒకనాడు సుత్తె అడిగిన్రు" అని అటెండర్ గుర్తు చేసుకున్నాడు. మట్టి కలుసుకుంటుందో లేదో చూద్దామని సారే గొట్టాన్ని కొట్టారా? లేక సుత్తె అడిగింది ఇందుకేనా, గోడకు కొత్త మేకు, దానికి కొత్త క్యాలెండర్ కూడా ఉన్నాయి.

సంస్థ వాళ్లు వచ్చినప్పుడు ఆ మరక గురించి ల్యాబ్ రికార్డులో నేను రాసిందే చూపించాను. తడి ఉన్నది, ఎన్నటిదో తెలియదు. మూడు నెలలు రోజూ చూసి చెప్పమని వెళ్లిపోయారు. మేడంగారికీ నిజం చెప్పేశాను. ఆవిడ "ఆయనకు గూడ సగం సంగతులు తెల్వకపోయేటివి. తెల్లారంగనే పోయి చూసెటోళ్లు" అన్నారు.

ఈ పొద్దున చలిగా ఉంది. ఎనిమిదికి గొట్టం కింద కాగితం తీశాను. కంటికి మరక కనబడలేదు. తాకితే చల్లగా ఉంది. సార్ కుర్చీ మీద ఇంకో పొడి కాగితం పరిచి, పక్కన ఇది పెట్టి, రెండు చేతులూ తిరగేసి చెరొకదాని మీదా ఆనించాను. రెండూ ఒకేలా ఉన్నాయి. రాయడానికి అటెండర్ పెన్ను మూత తీసి నిలబడ్డాడు. చేతులు మార్చి, మళ్లీ తాకాను.